కౌన్సిల్ సీసీటీవీ ఫుటేజ్ ఎలా తీసుకోవాలి? యూకేలో ఉన్నవాళ్లు కాస్త చెప్పండి

మేం ఇంగ్లండ్‌లో ఓ చిన్న టౌన్‌లో ఉంటున్నాం. మా ఫ్లాట్ల వెనక కార్ పార్క్‌లో రాత్రి పది దాటితే కుర్రాళ్లు చేరి గోల, సీసాలు పగలగొట్టడం, కార్ల మీద గుడ్లు విసరడం. పోయిన నెల మా కారు సైడ్ మిర్రర్ విరగ్గొట్టారు, పొద్దున చూస్తే వైర్‌కి వేలాడుతోంది. సరిగ్గా ఎదురుగా స్తంభం మీద కౌన్సిల్ (ఇక్కడి మున్సిపాలిటీ లాంటిది) కెమెరా ఉంది!

101కి (అత్యవసరం కాని విషయాలకు పోలీసు నంబర్) ఫోన్ చేస్తే క్రైమ్ రిఫరెన్స్ నంబర్ ఇచ్చారు, అంతే. కౌన్సిల్‌ని అడిగితే పోలీసులు అడగాలి, లేదా ఇన్సూరెన్స్ వాళ్లు అడగాలి అంటున్నారు. ఫుటేజ్ మామూలుగా నెల రోజులకు మించి ఉంచరట, ఇప్పటికే మూడు వారాలు అయిపోయాయి, అదే టెన్షన్.

సబ్జెక్ట్ యాక్సెస్ రిక్వెస్ట్ (మన గురించి వాళ్ల దగ్గరున్న సమాచారం ఇమ్మని అడగడం) పెడితే నెలలోపు జవాబివ్వాలి కానీ అది మన సొంత సమాచారానికే, మిగతావాళ్ల ముఖాలు బ్లర్ చేసి ఇస్తారు. మరి మిర్రర్ విరగ్గొట్టినవాడి ముఖమే కనబడకపోతే నాకేం లాభం? అయినా పెడితే కనీసం డిలీట్ చేయకుండా ఆపుతారా?

ఇంకోటి, 6 నెలల్లో 3 ఫిర్యాదులు చేస్తే ఏఎస్‌బీ (యాంటీ సోషల్ బిహేవియర్, అంటే ఇలాంటి అల్లరి) కేస్ రివ్యూ అడగొచ్చట, కౌన్సిల్, పోలీసులు కలిసి కూర్చుని చూస్తారట. మీలో ఎవరైనా అడిగారా? ఏమైనా కదిలిందా? మా ఆవిడ రాత్రి షిఫ్ట్ నుంచి ఆ కార్ పార్క్‌లోంచే నడిచి రావాలి, అందుకే అడుగుతున్నా.