హైస్కూల్ పిల్లలకి రాస్ప్‌బెర్రీ పై కొనాలా, పికోలు సరిపోతాయా? బడ్జెట్ 25 వేలు

పల్నాడు_ఫిజిక్స్:
అందరికీ నమస్తే. నేను పల్నాడు జిల్లాలో ఒక జెడ్‌పీ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. మా దగ్గర పదో తరగతి చదివెళ్లిన ఒక పాత బ్యాచ్ వాళ్లు మొన్న గెట్ టుగెదర్ పెట్టుకుని స్కూలుకి 25 వేలు పోగేసిచ్చారు, ఫ్యాన్లు బీరువాలు వద్దండీ పిల్లలు చేత్తో చేసే పని ఏదైనా ఉండాలి అని వాళ్లే అడిగారు, హెచ్‌ఎం గారేమో మాస్టారూ ఆ సంగతి మీరే చూడండి అని నా నెత్తిన పెట్టారు.

టౌన్లో షాపతను రాస్ప్‌బెర్రీ పై 5 అనే చిన్న కంప్యూటర్ బోర్డు కిట్లు తీసుకోండి సార్ అంటున్నాడు. ఈ డబ్బుకి వచ్చే ఒకటి రెండు కిట్ల చుట్టూ నలభై మంది మూగితే ముందు నిలబడ్డ నలుగురికి తప్ప ఇంకెవరికి అందుతుంది? ఇంకొకాయన ఆర్డుయినో అన్నాడు, యూట్యూబ్‌లో చూస్తే పికో అంటున్నారు, అవీ ప్రోగ్రామ్ రాసి నడిపే చిన్న బోర్డులేనట. ల్యాబ్‌లో పాత డెస్క్‌టాప్‌లు ఓ అరడజను పనిచేస్తున్నాయి, సగం విండోస్ 7 సగం 10, మానిటర్లన్నీ వీజీఏవే. క్లాసులో ఐఎఫ్‌పీ ప్యానెల్, అంటే గోడకుండే పెద్ద టచ్ స్క్రీన్ ఉంది. కరెంటు ఎప్పుడు పోతుందో ఆ దేవుడికే తెలియాలి. 8, 9 తరగతులకి అనుకుంటున్నా. పైథాన్ ప్రోగ్రామింగ్ నాకు లూపుల దాకా వచ్చు, అంతే. ఏం కొనాలి? ఎల్‌ఈడీలతో ట్రాఫిక్ లైట్ చేయించాక తర్వాత ఏం చేయించాలి అనేది అసలు డౌటు, ఎక్కడ చూసినా అక్కడితో ఆపేస్తున్నారు.

సోల్డర్‌బాబాయ్:
సార్, పై 5 వద్దు. మంచి బోర్డే గానీ మీ పనికి కాదు. దానికి 5 వోల్టులు 5 ఆంపుల అడాప్టర్, వేడెక్కుతుంది కాబట్టి కూలర్, ఎస్‌డీ కార్డు, మైక్రో హెచ్‌డీఎంఐ కేబుల్, మీ వీజీఏ మానిటర్‌కి ఒక కన్వర్టర్, కీబోర్డు, మౌసు... బోర్డు రేటు చూసి దిగితే ఈ తోకలన్నీ కలిపి బిల్లు ఎక్కడికో పోతుంది. 2012లో మొదటి పై 35 డాలర్లకి వచ్చింది, కంప్యూటర్ సైన్స్‌లో చేరడానికొచ్చే పిల్లలకి ప్రోగ్రామింగ్ చేసిన అలవాటే ఉండట్లేదని కేంబ్రిడ్జ్‌లో ఎబెన్ అప్టన్ వాళ్లు మొదలుపెట్టిన పని అది. ఆ లెక్క ప్రకారం చూస్తే ఇవాళ మన స్కూలుకి సరిపోయేది పికోనే, 2021లో 4 డాలర్లకి వదిలారు, ఇక్కడ అటూఇటూగా నాలుగొందలు పడుతుంది. పిల్లాడు ఒకటి కాల్చినా మీ బీపీ పెరగదు.

కచ్చితంగా చెప్పాలంటే పికో కంప్యూటర్ కాదు, మైక్రోకంట్రోలర్, అంటే మనం ఎక్కించిన ఒక్క ప్రోగ్రామ్‌ని నడిపే చిప్పు, 264 కేబీ ర్యామ్, లినక్స్ గట్రా ఏమీ ఎక్కదు. మీకు అదే ప్లస్సు. ప్లగ్ పీకితే ఆగుతుంది, పెడితే మళ్లీ మొదలవుతుంది, కరెంటు పోయి ఎస్‌డీ కార్డు పోయింది అనే గోల ఉండదు. పికో హెచ్ అని అడగండి, పిన్నులు అతికించే వస్తాయి, లేకపోతే ఒక్కోదానికి 40 టంకాలు పెట్టుకుంటూ కూర్చోవాలి.

ఆరు సిస్టమ్స్ ఉన్నాయని బెంగ వద్దు. ముగ్గురికొక బోర్డు ఇవ్వండి, సగం గ్రూపులు బెంచీల మీద బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండా వైర్లు గుచ్చే పలక) వైరింగ్ చేస్తుంటే సగం సిస్టమ్స్ దగ్గర కోడ్ రాస్తారు, తర్వాత మార్చుకుంటారు. కోడ్‌ని పికోలోనే మెయిన్ డాట్ పీవై అని సేవ్ చేస్తే ఇక సిస్టమ్ అక్కర్లేదు, పాత ఫోన్ ఛార్జర్‌కి పెట్టినా నడుస్తుంది. పవర్ బ్యాంకు మాత్రం చూసుకోండి, పికో లాగే కరెంటు మరీ తక్కువ కాబట్టి కొన్ని పవర్ బ్యాంకులు ఎవరూ లేరనుకుని ఆఫ్ అయిపోతాయి. కోడ్ రాసి పికోకి ఎక్కించే థానీ అనే సాఫ్ట్‌వేర్ ఫ్రీ, విండోస్ 10లో ఇబ్బంది లేదు. విండోస్ 7కి పాత వెర్షన్ కావాలి, పైగా సీరియల్ డ్రైవర్ విడిగా ఎక్కించాలి, ఆ బాధ పడేకంటే ఆ మూడింట్లో విండోస్ బదులు లినక్స్ మింట్ వేసేయండి.

లీడ్స్‌లో_అక్క:
నేను కొంచెం వేరేగా చెప్తాను మాస్టారూ. ఇక్కడ మా పాప స్కూల్లో కోడ్ క్లబ్‌కి వాలంటీర్‌గా వెళ్తుంటాను, అక్కడ వాడేది మైక్రోబిట్. 2016లో బీబీసీ వాళ్లు యూకేలో ఇయర్ 7 పిల్లలకి, అంటే మన ఆరో క్లాసు వయసు వాళ్లకి, దాదాపు పది లక్షల బోర్డులు ఫ్రీగా పంచారు, చాలా స్కూళ్లలో అది అలా అలవాటైపోయింది. దాని మీదే 25 చిన్న ఎల్‌ఈడీలు, రెండు బటన్లు, కదలిక కనిపెట్టే సెన్సర్, రేడియో అన్నీ ఉంటాయి, కొత్త దాంట్లో మైకు స్పీకరు కూడా. ఒక్క వైరు పెట్టకుండా మొదటి పీరియడ్‌లోనే పిల్లలు తమ పేరు స్క్రోల్ చేయించేస్తారు. రెండు బోర్డులు రేడియోతో మాట్లాడుకోవడం చూస్తే వాళ్ల మొహాలు చూడాలి.

కాకపోతే పికో కంటే రేటు చాలా ఎక్కువ, మీ బడ్జెట్‌లో క్లాసంతటికీ రావు. 6, 7 తరగతులైతే పట్టుబట్టి మైక్రోబిట్ అనేదాన్ని, మీవి 8, 9 కాబట్టి వైర్లతో తిప్పలు పడనివ్వండి, ఎల్‌ఈడీ తిరగేసి పెడితే ఎందుకు వెలగలేదో వాళ్లే వెతుక్కుంటే ఆ పాఠం వేరు. ఒకటే రిక్వెస్టు, గ్రూపులో కోడ్ టైప్ చేసేది ఎప్పుడూ అబ్బాయే, నోట్‌బుక్‌లో రాసేది ఎప్పుడూ అమ్మాయే అవుతోంది, ఇక్కడ కూడా అంతే. ప్రతి పీరియడ్‌కీ చేతులు మార్పించండి.

కరీంనగర్_కాకా:
అందరు పికో పికో అంటుండ్రు గానీ ఒక్క పై అన్న ఉండాలె సార్. మా దోస్తు పనిజేసే బడిల పై 4 మీద కివిక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఏసి పెట్టినం, తెలుగు వికీపీడియా మొత్తం ఒక కార్డుల పడ్తది, నెట్ లేకున్నా వైఫైకి కనెక్ట్ అయి పోరగాండ్లు సదువుకుంటరు. పై 5 గంత అక్కెర లేదు, పై 4 సిన్నది సాలు. గా ఐఎఫ్‌పీకి హెచ్‌డీఎంఐ ఉంటది గదా, డైరెక్ట్ దానికే పెట్టుండ్రి, మానిటర్ లొల్లి లేదు. కరెంట్ పోతే కార్డు ఖరాబైతదని బాబాయ్ అన్నది నిజమే, కానీ సెట్టింగుల ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ ఆన్ జేస్తే కార్డు మీద ఏం రాయది, అప్పుడు కరెంట్ పోయినా శాన వరకు ఫికర్ లేదు. ముందు పికోలు కొని, పైసలు మిగిల్తే గప్పుడు సూడుండ్రి.

పల్నాడు_ఫిజిక్స్:
అందరికీ థాంక్స్. లెక్కేశాను, పద్నాలుగు పికో హెచ్‌లు, బ్రెడ్‌బోర్డులు, వైర్లు, ఎల్‌ఈడీలు, రెసిస్టర్లు కలిపినా సగం దాటట్లేదు. సెన్సర్లు ఏవి తీసుకోను? మా స్కూల్ కిచెన్ గార్డెన్‌కి తేమ చూసే సెన్సర్, ట్యాంకు నీళ్లు చూసే అల్ట్రాసోనిక్ (ధ్వని పంపి దూరం కొలిచే సెన్సర్) అనుకుంటున్నా. ట్రాఫిక్ లైట్ తర్వాత సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు బాబాయ్ గారూ.

సోల్డర్‌బాబాయ్:
చెప్తా. తేమకి ఫోర్కులా రెండు కాళ్లుండేది చవక, కానీ తడి మట్టిలో కరెంటు పోతుంటే ఆ కాళ్లు తుప్పుపట్టి కొన్నాళ్లకి పిచ్చి రీడింగులు ఇస్తాయి, లోహం మట్టికి తగలని కెపాసిటివ్ రకం తీసుకోండి. దాన్ని పికోలో జీపీ26, జీపీ27, జీపీ28 అనే పిన్నుల్లో ఒకదానికి పెట్టాలి, అనలాగ్, అంటే వోల్టేజి ఎంతుందో చదివేవి అవే. పై 4, 5ల్లో అనలాగ్ పిన్నులే లేవు, ఇది కూడా షాపతను చెప్పడు.

ఇక అల్ట్రాసోనిక్. ట్యాంకు కంటే ముందు దాంతో మీ ధ్వని పాఠం చెప్పండి సార్, ఫిజిక్స్ మాస్టారు చేతిలో పడితే అది బంగారం. సెన్సర్‌ని గోడకి సరిగ్గా మీటరు దూరంలో పెట్టించండి, స్కేలుతో పిల్లలే కొలవాలి. ధ్వని వెళ్లి తిరిగి రావడానికి పట్టిన టైమ్ పికో మైక్రోసెకన్లలో చెప్తుంది. 20 డిగ్రీల దగ్గర అయితే 5.8 మిల్లీసెకన్లు రావాలి, రెండు మీటర్లని దాంతో భాగిస్తే సెకనుకి 343 మీటర్ల చుట్టుపక్కల తేలుతుంది, పుస్తకంలో ఉన్న నంబరు వాళ్ల బెంచీ మీదే వస్తుంది. రీడింగులు అటూఇటూ ఊగుతాయి కాబట్టి ఓ ఇరవై తీసి సగటు కట్టమనండి, మీకొచ్చిన లూపులు అక్కడ పనికొస్తాయి. తర్వాత అదే ఏప్రిల్‌లో మధ్యాహ్నం వరండాలో చేయించండి, 40 డిగ్రీలుంటే టైమ్ 5.6కి తగ్గుతుంది. ఎందుకు తగ్గిందో మీరు చెప్పొద్దు, అడగండి.

ఒక జాగ్రత్త, ఆ సెన్సర్ 5 వోల్టులది, ధ్వని తిరిగొచ్చిన సంగతి చెప్పే ఎకో పిన్ను నుంచి 5 వోల్టులే వస్తాయి, పికో 3.3 మాత్రమే తట్టుకుంటుంది. నేరుగా పెట్టొద్దు. ఎకో నుంచి 1 కిలో ఓమ్ పెట్టి పికో పిన్నుకి, అదే పిన్ను నుంచి 2 కిలో ఓమ్ పెట్టి గ్రౌండ్‌కి, అప్పుడు 3.3 దగ్గరకి దిగుతుంది. పదో తరగతి వాళ్లని పిలిచి ఈ లెక్క వాళ్లతో చేయించండి. రిలే మాడ్యూల్ (పెద్ద కరెంటుని ఆన్ ఆఫ్ చేసే స్విచ్చు) మాత్రం కొనొద్దు సార్, ఎవడో ఒకడు 230 వోల్టుల ఫ్యాను తగిలిస్తా అంటాడు.

లీడ్స్‌లో_అక్క:
ఆ ధ్వని ఐడియా నేను ఎత్తుకుపోతున్నా బాబాయ్ గారూ, మా ఊళ్లో 40 డిగ్రీలు రావు, హీటరు పక్కన పెట్టి చూస్తాం 😄

కరీంనగర్_కాకా:
సార్ ఇంకోటి, యూఎస్‌బీ కేబుళ్లు కొన్నప్పుడు డేటా కేబులేనా అని అడుగుండ్రి. ఉత్త ఛార్జింగ్ కేబుల్ అయితే కరెంట్ అందుతది గానీ సిస్టమ్ల పికో కనవడనే కనవడది, పోరగాండ్లు బోర్డు ఖరాబైందనుకుంటరు. షాపుల్నే ఒకటి ఫోన్‌కి పెట్టి ఫొటోలు సిస్టమ్లకి ఎక్కుతున్నయా సూసి తీస్కోండ్రి.

పల్నాడు_ఫిజిక్స్:
నోట్ చేసుకున్నా కాకా. శనివారం గుంటూరు వెళ్తున్నాను, లిస్టులో రిలే కొట్టేశా, 1కె 2కె రెసిస్టర్లు ఎక్కువ రాశా. పై 4 సంగతి బిల్లు చూశాక.