సమస్య: చలికిఁ జెమట పట్టెఁ జంటివాని

నిర్వాహకుడు:
పాలమూరు, నల్లగొండ రెండు దిక్కులా పొద్దున చలి కొరుకుతున్నది, భోగి దగ్గర పడ్డది. ఈ వారం ఈ పాదం పట్టుకోండి. ఇది ఆటవెలది పద్యంల ఆఖరు పాదం, ముందరి మూడు పాదాలు మీరు రాసి అర్థం కుదిరేటట్టు పూరించాలె.

*చలికిఁ జెమట పట్టెఁ జంటివాని*

రాజసభలు, అప్సరసలు వద్దు. చంటిపిల్ల ఉన్న ఇల్లు కనపడాలె. అది కూడా నిజంగ జరిగేటట్టు ఉండాలె, ఊరికే 'దేవుని మహిమ' అని తప్పించుకోవద్దు. గడువు ఆదివారం రాత్రి.

పానగల్లు పంతులు:

బనియ నొకటి, చొక్క, పైన స్వెట్టరు, టోపి,
మీద గొంగ డొకటి, మెడకు శాలు,
ఇన్ని కప్పినాక యెట్లుండె నని చూడఁ
జలికిఁ జెమట పట్టెఁ జంటివాని!

దుందుభి ఒడ్డు:
పంతులుగారు బోణీ చేసిండ్రు, సంతోషం. కాని 'పైన స్వెట్టరు' దగ్గర జర ఆగాలె. 'స్వె' సంయుక్తం గద, దాని ముందరి 'న' గురువైతే, అంటే పొడుగు పలుకైతే, అక్కడ మూడు గురువుల మగణం కూసుంటది. ఆటవెలదిల మగణమా సారూ?

ఇగ విషయం. పెద్దోళ్లు ఎన్ని పొరలు తొడుక్కుంటరో చంటోనికి అంతకంటే ఒక్కటి ఎక్కువ చాలు. ఇంట్ల పండుకున్నప్పుడు టోపి తియ్యాలె, చంటిపిల్లల వేడి తలకాయ నుంచే ఎక్కువ పోతది. చంటోనికి గొంగడి మీద కప్పేది కాదు, కింద పరిచేది. గొర్రెబొచ్చు నేల చలిని మంచిగ ఆపుతది. మీదేస్తే బరువుకు బరువు, మొఖం మీదికి జరిగితే ఊపిరాడదు. ఏడాది లోపు పిల్లకు పడకల వదులు దుప్పటే వద్దంటరు, పంతులుగారు ఏకంగ గొంగడే కప్పిండ్రు.

పానగల్లు పంతులు:
'పైన' అచ్చ తెలుగు మాట, 'స్వెట్టరు' వేరే పదం. సమాసం కాదు. 'న' లఘువే, పొట్టి పలుకే. ఇది బడిపిల్లగానికి తెలిసిన సంగతి.

గొంగడి సంగతి అంటరా? నా పద్యంల చెమట పట్టిందే ఎక్కువ కప్పినందుకు. తప్పు చూపించిన పద్యంల తప్పు ఎతుకుతున్నరు. అయినా పోయిన సంక్రాంతికి 'సకినములకు నూనె చాలినంత కలుప' అని రాసిన కవి మనకు గురులఘువులు నేర్పుతుంటే వినాలె మరి.

దేవరకొండ అక్క:
పంతులన్నా, ఆ పాదం యాది చేస్తివి, నవ్వి నవ్వి కడుపు నొస్తున్నది. సకినాల పిండిల నూనె ఎవరు కలుపుతరు? కాగిన నూనె పోసేది అప్పాలకు. సకినాలకు కొత్తబియ్యం రాత్రంత నానబెట్టి, వడగట్టి, తడి మీదనే పట్టియ్యాలె. కిలో బియ్యానికి పావుకిలో దాక నువ్వులు, పిడికెడు ఓమ, ఉప్పు, నీళ్లు. అంతే. పిండి ఎండితే చుట్టుతుంటే తెగుతది, పలుచనైతే చుట్టు నిలవదు. బట్ట మీద పోసినంక తడి గుంజేదాక ఆగాలె, లేకుంటే నూనెల వేసేటప్పుడు చేతిలనే విరుగుతయి.

దుందుభి ఒడ్డు:
అది అచ్చు పొరపాటు అక్కా. నేను రాసింది 'చాలినంత కాగ'. నూనె కాగాలె అని.

పానగల్లు పంతులు:
'చాలినం' రగణం, మంచిగున్నది. మిగిలింది 'త కాగ'. లఘువు, గురువు, లఘువు, అంటే జగణం. ఈ చోట రావలసినయి ఇంద్రగణాలు, వాటిల్ల జగణం ఎప్పుడు చేరింది తమ్మీ? అబద్ధమైనా గణబద్ధంగ చెప్పాలె.

నిర్వాహకుడు:
సకినాలు పక్కకు పెట్టుండ్రి. 'పైన స్వెట్టరు' పాసు. పంతులుగారి మాటే నిలబడ్డది, కాని 'స్వెట్టరు' చదువుతుంటే నాలుక తట్టుకుంటున్నది, అది కూడా ఒప్పుకోవాలె.

ఇంకో మాట. ఒకాయన పంపిన 'కుంపటి' పూరణ తీసేసిన. గణాలు, యతి (పాదం మొదటి అక్షరానికి నడుమల జోడు కుదిరే అక్షరం) అన్నీ కుదిరినయి. కాని తలుపులు, కిటికీలు మూసిన అర్రల బొగ్గు కుంపటి పెట్టి పిల్లను పండబెట్టినట్టు రాసిండు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. అట్లాంటి అర్రల చెమట పట్టుడు కాదు, ప్రాణాలు పోతయి. ఎవరన్న చదివి చేస్తరేమో అని భయమైంది.

మూసీ కాలువ:

కుండ నీళ్లు కాగి కుతకుతమని యుడ్క,
చల్లనీళ్లు కలుపఁ జాలకుండె;
ఆవిరింటి నిండ నలముకొనంగానె
చలికిఁ జెమట పట్టెఁ జంటివాని!

దేవరకొండ అక్క:
'కుతకుతమని యుడ్క' చెవికి మస్తుగున్నది. నిజంగ కుండ చప్పుడే.

రెండో పాదం మాత్రం భయపెట్టింది. చల్లనీళ్లు చాలలేదు అంటే పిల్లకు పోసేది ఏ నీళ్లు? టబ్బుల ముందు చల్లనీళ్లు, తర్వాత వేడినీళ్లు. వరుస తిరగేస్తే, నడుమ ఎవరన్న పిలిచి అటు తిరిగిన గడియల పిల్ల చెయ్యి పెడ్తది. అడుగు దాక కలిపి మోచేత్తోని చూడాలె. అరచేతికి వేడి అలవాటైపోయి ఉంటది, మోచేతికి నిజం తెలుస్తది. 37, 38 డిగ్రీలు, అంటే మన ఒంటి వేడి అంత. నీళ్లు కాగకముందే తువాల, బనీను, చొక్క వరుసగ పరిచి పెట్టుకోవాలె. తానం పోసినంక చలి కొట్టేది బట్ట ఎతుక్కునే నిమిషంలనే. సాంబ్రాణి పొగ వద్దు. పిల్ల తుమ్మితే 'సలువ దిగుతున్నది' అనుకుంటరు గాని అది పొగకే తుమ్ముతది.

మూసీ కాలువ:
ఆవిరికే చెమట అక్కా, నీళ్లు ఇంక పొయ్యలే. మూడో పాదంల ఆవిరి అలముకున్నది అంతే. తానం పద్యం బయట జరుగుతది.

పానగల్లు పంతులు:
తానం బయట, పద్యం లోపల. ఈ పూరణల ఆరిపోయింది ఒక్క అన్వయమే, మాటకు మాటకు నడుమ ఉండే పొందిక.

కల్వకుర్తి కొత్తకవి:
మొదటిసారి రాస్తున్న, తప్పులుంటే పెద్దలు దిద్దాలె.

భోగి మంట ముందు పొద్దుగాల నిలువ,
చెంత జేరి పిడక చేతఁ బట్టి,
పాత చాప మండి ఫట్టున నెగయంగఁ
జలికిఁ జెమట పట్టెఁ జంటివాని!

దుందుభి ఒడ్డు:
'ఫట్టున' బాగుంది తమ్మీ, యతి స్థానంల చప్పుడు పెట్టినవు. కాని చంటివాడు నిలబడుడేంది, పిడక పట్టుడేంది? నిలబడి పిడక పట్టితే వాడు చంటివాడు కాదు, బడికి పోయేటోడు.

దేవరకొండ అక్క:
పిల్లగానిని తిట్టకుండ దిద్దాలె. తమ్ముడూ, ఇట్ల మార్చి చూడు. 'భోగి మంట ముందు పొద్దున మోయంగ, చెంత జేరి పిడక చేత విసర'. ఇప్పుడు మోసేది తల్లి, పిడక విసిరేది కూడా తల్లే. వాడు సంకలనే ఉంటడు.

మంట దగ్గరికి పిల్లను తీసుకపోతే నూలు బట్ట వెయ్యాలె. ఇప్పటి స్వెట్టర్లు చాలా మటుకు అక్రిలిక్. నిప్పురవ్వ పడితే అది కాలుకుంట కరిగి చర్మానికి అంటుకుంటది. గాలి ఏ దిక్కు నుంచి వస్తున్నదో ఆ దిక్కే నిలబడాలె, ఎదురుంగ నిలబడితే పొగ, రవ్వలు రెండూ మొఖానికే. పాత టైర్లు వేసేటోళ్లు ఉంటే అసలు ఆ వాడకే పోవద్దు.

కల్వకుర్తి కొత్తకవి:
దిద్దుబాటు తీసుకున్న అక్కా. 'మోయంగ' తోని పద్యం బరువెక్కింది, మంచిగనే ఉన్నది.

దేవరకొండ అక్క:
ఇగ నాది.

మందు వేసి, తడిపి మాటికి తుడువంగఁ
దెల్లవార జరము తెరిపి నిచ్చె;
ఒంటి వేడి దిగగ నొక్కసారిగ జూడఁ
జలికిఁ జెమట పట్టెఁ జంటివాని!

జరం దిగేటప్పుడు ఒళ్లు వేడిని బయటికి తోస్తది, గందుకే చెమట. ఇది కల్పన కాదు. తడిపి తుడిచేది గోరువెచ్చని నీళ్లతోని, చల్లనీళ్లతోని కాదు. చల్లనీళ్లు తగిలితే వణుకు పుట్టి లోపలి వేడి ఇంక పెరుగుతది.

పానగల్లు పంతులు:
'జరము' గ్రామ్యం కాదా అమ్మా?

దేవరకొండ అక్క:
'జ్వరము' అని పెడితే 'తెల్లవార జ్వరము' దగ్గర మళ్ల మీ స్వెట్టరు పంచాయితే వస్తది. అందుకే జరం. మా దిక్కు డాక్టరు కూడా జరమే అంటడు.

మూసీ కాలువ:
అక్క పద్యంకు వంక లేదు. 'మందు వేసి' అని రెండు మాటలల్ల తేల్చింది గాని తప్పు జరిగేది అక్కడనే. పారాసిటమాల్ కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. చుక్కల మందుల ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములుంటది, సిరప్‌ల 5 మిల్లీలీటర్లకు 125 లేకుంటే 250. 8 కిలోల పిల్లకు 125 సిరప్ 4 మిల్లీలీటర్లు సరిపోతది. సీసా మారి అదే 4 మిల్లీలీటర్లు చుక్కల మందు పోస్తే 400 మిల్లీగ్రాములు లోపలికి పోయినట్టు. సీసా మీద అక్షరాలు చదవాలె, మూత రంగు కాదు. 3 నెలల లోపు పిల్లకు 38 డిగ్రీలు వస్తే తెల్లారేదాక తుడుచుకుంట కూసునేది లేదు, ఆ రాత్రే దవాఖానకు.

దుందుభి ఒడ్డు:
అందరూ పిల్లకే చెమట పట్టించిండ్రు. ఇది చూడుండ్రి.

గట్టు మెట్లు తల్లి కడు వేగ నెక్కంగ
సంకలోన మోసి, శాలు గప్పి,
అలసి కూలఁబడియె, నామెకే చూడుఁడీ
చలికిఁ జెమట పట్టెఁ, జంటివాని!

కల్వకుర్తి కొత్తకవి:
అన్నా, చెమట పట్టింది తల్లికా? మరి 'చంటివాని' ఎక్కడికి పోయిండు?

దుందుభి ఒడ్డు:
రెండో పాదంలకు పోయిండు. 'చంటివాని మోసి'. మీరంత 'పట్టె చంటివాని' అని కలిపి చదివిండ్రు, నేను నడుమ కామా పెట్టిన. మాఘమాసంల నల్లగొండ దిక్కు చెరువుగట్టు గుడి జాతరకు పోతే చంటిపిల్లల తల్లులు అందరూ ఈ పద్యమే.

మూసీ కాలువ:
అబ్బ! ఒక్క కామాతోని సమస్యనే తిప్పేసిండు.

పానగల్లు పంతులు:
తిప్పుడు బాగున్నది, కాదనలేను. కాని 'మోసి' రెండో పాదంల, 'వాని' నాలుగో పాదం చివర. నడుమ తల్లి అలిసింది, కూలబడ్డది, చెమట పట్టింది. అంతదాక పిల్లగాడు ఎవరి సంకల ఉన్నడు? దూరాన్వయం అంటే ఇదే. గట్టు ఎక్కుడు కంటే మీ అన్వయం ఎక్కుడు కష్టం.

దేవరకొండ అక్క:
'శాలు గప్పి' అన్నరు, మొఖం మీద కప్పలేదు గద? సంకల మోసేటప్పుడు పిల్ల మొఖం కనపడాలె, గదుమ తన ఎదకే ఆనుకోవద్దు. ముక్కుకు గాలి ఆడాలె. ఎక్కేటోళ్ల ఒంటి వేడి పిల్లకు కూడా తగుల్తది, అందుకే మెట్ల మొదట్లనే ఒక పొర తీసి సంచిల వెయ్యాలె. పైకి పోయి నిలబడ్డంక గాలి కొడుతది, అప్పుడు మళ్ల తొడగాలె.

దుందుభి ఒడ్డు:
శాలు భుజాల దాకనే అక్కా. పంతులుగారూ, దూరాన్వయం అన్నా ఒప్పుకుంట. మగణం మాత్రం లేదు గద?

పానగల్లు పంతులు:
లేదు. జగణం కూడా లేదు, చూసిన. ఈసారి నూనె సరిగ్గనే కాగింది.

నిర్వాహకుడు:
మెలిక పెట్టినందుకు దుందుభి ఒడ్డు, నిజంగ జరిగేటట్టు రాసినందుకు దేవరకొండ అక్క. ఈ వారం మెప్పు ఇద్దరికీ చెరిసగం. దూరాన్వయం పంతులుగారి పేరు మీద రాసిపెట్టుకున్న, ఎప్పుడన్న తిరిగి అడుగుతరు.

వచ్చే వారం పాదం:

*రేగుపండ్లు పోయ రేగెఁ దగవు*

ఐదేండ్ల లోపు పిల్ల నోట్లెకు పిక్క పోతే గొంతుల అడ్డం పడుతది. భోగిపండ్లు పోసినంక కింద పడ్డయి అన్నీ ఎవరు ఏరాలె అని అత్తకోడండ్ల తగవు రాస్తరో, ఇంకేం రాస్తరో మీ ఇష్టం.

మూసీ కాలువ:
రాస్తం గాని, దేవరకొండ అక్కా, సకినాలల్ల నువ్వులు పొట్టు తీసినవా, తియ్యనివా? దుందుభి అన్న అప్పుడు ఏమి రాసిండో ఎతికితే దొరుకుతలేదు.