10 టీబీ పోస్ట్‌గ్రెస్: పెద్ద మెషీనా, షార్డింగా?

ప్రశ్న: డేటా అంతా ఒకే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ సర్వర్‌లో ఉంది, పక్కన ఒక రెప్లికా (ప్రతి మార్పూ వెంటనే చేరే నకలు సర్వర్). 10 టీబీ దాటబోతోంది. టీంలో సగం మంది షార్డింగ్ (డేటాను ముక్కలు చేసి వేర్వేరు సర్వర్లకు పంచడం) చేద్దామంటున్నారు, మిగతావాళ్లు పెద్ద మెషీన్ తీసుకుంటే చాలంటున్నారు. మీరైతే ఏం చేస్తారు?

జవాబు 1: షార్డింగ్ జోలికి పోకండి. ఇప్పుడు ఆర్డర్, పేమెంట్, స్టాక్ తగ్గించడం మూడూ ఒకే ట్రాన్సాక్షన్‌లో అయిపోతాయి. ఏది ఫెయిలైనా మొత్తం రోల్‌బ్యాక్, అంటే ఏదీ జరగనట్టే వెనక్కి. అవే మూడు సర్వర్లలో పడితే ఆ గ్యారంటీ కోసం మీరే కోడ్ రాసుకోవాలి. నోట్స్ యాప్ నోషన్ వాళ్లు 2021లో డేటాను 480 లాజికల్ షార్డులు (ముక్కలు) చేసి 32 డేటాబేస్‌లకు పంచారు, నిజమే. కానీ వాళ్ల డేటా వర్క్‌స్పేస్ (ఒక్కో టీం ఖాతా) వారీగా విడిపోతుంది. మీ డేటా దేని ప్రకారం విడిపోతుందో ఒక్క మాటలో చెప్పగలరా?

జవాబు 2: అందరూ సీపీయూ, ర్యామ్ లెక్కలే వేస్తారు, రీస్టోర్‌కి ఎంతసేపో ఎవరూ అడగరు. 10 టీబీ బ్యాకప్‌ని సెకనుకు 500 ఎంబీ చొప్పున దించినా ఐదున్నర గంటలు. ఆపైన వాల్ (WAL) రీప్లే, అంటే బ్యాకప్ తర్వాతి మార్పులను లాగ్ నుంచి మళ్లీ వర్తింపజేయడం.

అడిగినవారు: రెప్లికా ఉంది కదండీ?

జవాబు 2: మెషీన్ పోతే అది కాపాడుతుంది. ఎవరైనా వేర్ క్లాజ్ (ఏయే రికార్డులో చెప్పే షరతు) లేకుండా డిలీట్ కొడితే? క్షణాల్లో రెప్లికాలోనూ డేటా పోతుంది. కావాలనే కొన్ని గంటలు వెనక నడిచే రెప్లికా ఇంకొకటి పెట్టుకోండి. ఇంకో సంగతి, గంటసేపు నడిచే రిపోర్ట్ క్వెరీ ఉండగా అదే టేబుల్ మీద ఆల్టర్ (టేబుల్ నిర్మాణం మార్చే కమాండ్) కొట్టి చూడండి. ఆల్టర్ తన లాక్ కోసం (టేబుల్ పూర్తిగా తన చేతికి వచ్చేదాకా) ఆగుతుంది, దాని వెనక వచ్చిన మామూలు సెలెక్ట్‌లూ (చదివే క్వెరీలు) ఆగిపోతాయి. కాలమ్ చేర్చడం మిల్లీసెకన్ల పనే, కానీ ఈలోపు కనెక్షన్లన్నీ నిండిపోయి సైట్ పడిపోతుంది.

జవాబు 1: ఆల్టర్‌కి లాక్ టైమౌట్ (లాక్ కోసం ఆగే గరిష్ఠ సమయం) రెండు సెకన్లు పెట్టి, దొరికేదాకా మళ్లీ మళ్లీ ప్రయత్నించాలి. షార్డింగ్ చేస్తే ఈ తిప్పలు పోవు, ప్రతి షార్డులోనూ అదే ఆల్టర్ కొట్టాలి.

జవాబు 2: నేనూ షార్డింగ్ చేయమనట్లేదండీ. లాగ్‌లు, ఈవెంట్‌ల టేబుళ్లకు ఆర్డర్లతో ట్రాన్సాక్షన్ అక్కర్లేదు. వాటిని వేరే సర్వర్‌కి పంపండి. అసలు డేటా 2 టీబీ మిగిలితే, అదే వేగంతో గంటకు కాస్త పైన దిగిపోతుంది. కొత్త మెషీన్ గురించి మాట్లాడేముందు ఏ టేబుల్ ఎంత ఉందో ఇక్కడ పెట్టండి, చూద్దాం.