అప్‌డేట్: తమ్ముడి ఏఐ చదువు, టోక్యోనా షిగానా?

బీటెక్ అయిన మా తమ్ముడు జపాన్‌లో ఏఐ చదవాలంటే టోక్యోకే వెళ్లాలా, షిగా యూనివర్సిటీ మంచిదేనా అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ చాలా థాంక్స్ అండీ.

షిగా వైపే మొగ్గాం. జపాన్‌లో మొట్టమొదటి డేటా సైన్స్ (స్టాటిస్టిక్స్, కంప్యూటర్లతో డేటాను విశ్లేషించే చదువు) ఫ్యాకల్టీ 2017లో పెట్టింది వాళ్లే, బివా సరస్సు ఒడ్డున హికోనేలో. 2019లో మాస్టర్స్ కూడా మొదలైంది. అక్కడి పరిశోధన కేంద్రం కంపెనీలతో కలిసి అసలు డేటా మీద పనిచేస్తుంది, మావాడికి బాగా నచ్చింది అదే. టోక్యో తక్కువని కాదు. టోక్యో యూనివర్సిటీలోని మత్సువో ల్యాబ్ నడిపే డీప్ లెర్నింగ్ (ఏఐలో ఒక ముఖ్యమైన పద్ధతి) కోర్సులకు మంచి పేరుంది. కానీ వీడికి మొదట్నుంచీ స్టాటిస్టిక్స్ అంటేనే ప్రాణం.

పాఠాలు ఎక్కువగా జపనీస్‌లోనే కాబట్టి భాష గట్టిగా నేర్చుకుంటున్నాడు. మీరు చెప్పినట్టే దరఖాస్తుకు ముందు ప్రొఫెసర్‌కి మెయిల్ పెట్టాడు. జవాబు రాగానే ఇక్కడ చెప్తాను.