బురద పట్టిన కారు: చేత్తో తాకి కడగాలా, నీటి ధారతోనే సరిపెట్టాలా?

మట్టిదారి

వాన పడిన మట్టిరోడ్డు మీద తిరిగి వచ్చిన కారుకు తలుపుల కింది సగం, మడ్‌గార్డుల లోపలి భాగం, వెనుక డిక్కీ అంతా బురద పట్టి ఉంది. కొన్నిచోట్ల అది ఇంకా తడిగానే ఉంది, ఇంజను వేడి తగిలే బానెట్ మీద మాత్రం ఎండి పెళ్లలు కట్టింది. దీన్ని కడగడం గురించి నాకు తెలిసినవారు రెండు రకాలుగా చెబుతున్నారు. ప్రెషర్ వాషర్‌తో, అంటే నీటిని ఒత్తిడితో చిమ్మే యంత్రంతో కొట్టి, ఫోమ్ (షాంపూ నురగ) చల్లి, మళ్లీ నీళ్లు కొట్టి వదిలేయాలని, బురద బండిని గుడ్డతో తాకితే గీతలు పడక తప్పదని ఒకరి మాట. అలా కడిగితే పలుచని మట్టి పొర మిగిలిపోతుందని, తరువాత ఎవరు తుడిచినా ఆ పొరే పెయింటును గీస్తుందని, అందువల్ల అదే రోజు చేత్తో పూర్తిగా కడిగేయాలని మరొకరి మాట. కారుది ముదురు రంగు, చిన్న గీత పడినా ఎండలో ఇట్టే కనిపిస్తుంది. పైగా ఒక తలుపుకు మళ్లీ పెయింటు వేయించి ఉన్నాను. దయచేసి కారణాలతో సహా చెప్పండి.

నీటిధార

నేను మొదటి వాదం వైపు ఉన్నాను. పెయింటు మీద పారదర్శకంగా ఉండే క్లియర్ కోటు మందం సాధారణంగా 35 నుంచి 50 మైక్రాన్ల మధ్య ఉంటుంది. ఒక మిల్లీమీటరులో 1000 మైక్రాన్లు ఉంటాయని గుర్తు చేసుకుంటే అది ఎంత పలుచనో అర్థమవుతుంది. ఇక బురదలోని ఇసుకలో సాధారణంగా ఎక్కువగా ఉండేది క్వార్ట్జ్. మోస్ కాఠిన్య మానంలో క్వార్ట్జ్ స్థానం 7, మామూలు గాజుది సుమారు 5.5. గాజునే గీయగలిగిన రేణువుకు, గాజు కన్నా ఎంతో మెత్తనైన క్లియర్ కోటు ఒక లెక్క కాదు. షాంపూ జారుడునిస్తుంది, నిజమే. కానీ గుడ్డకూ పెయింటుకూ మధ్య ఇసుక రేణువు ఇరుక్కుని, దాని మీద చెయ్యి బరువు పడితే, ఆ జారుడు ఏ మాత్రం కాపాడలేదు.

నీటికి ఈ ప్రమాదం లేదు. అది రేణువును పెయింటులోకి నొక్కదు, పక్కకు తోసి తీసుకుపోతుంది. కాబట్టి బురద బండికి నీళ్లు, ఫోమ్, మళ్లీ నీళ్లు, ఇంతే సరిపోతుంది. పలుచని పొర మిగిలితే మిగలనివ్వండి. దాన్ని ఎవరూ ముట్టనంత వరకు అది గీయదు. తరువాతి వారం బండి మీద మామూలు దుమ్మే ఉన్నప్పుడు తీరికగా చేత్తో కడుక్కోవచ్చు.

తెల్లబకెట్

నీటిధార గారు ఇచ్చిన అంకెలతో నాకు పేచీ లేదు, వాటి నుంచి తీసిన నిర్ణయంతోనే ఉంది. బురదను ఒకే పదార్థంగా లెక్కించడం వల్ల ఈ చిక్కు వస్తోంది. అందులోని ఇసుక రేణువుల పరిమాణం సుమారు 0.06 నుంచి 2 మిల్లీమీటర్ల వరకు ఉంటే, బంకమట్టి రేణువులు 2 మైక్రాన్ల కన్నా చిన్నవి. ఇసుక రేణువు పెయింటు మీద ఎత్తుగా నిలబడి ఉంటుంది కనుక ధార దెబ్బకు దొరికి కొట్టుకుపోతుంది. బంకమట్టి అలా దొరకదు. ఏ ఉపరితలం మీద పారే నీరైనా దానికి అతి దగ్గరలో దాదాపు కదలకుండా ఉంటుంది, ఆ కదలని పొర అడుగునే ఈ సన్నని మట్టి అంటిపెట్టుకుని ఉండిపోతుంది. ప్రెషర్ వాషర్‌తో ఎంతసేపు కొట్టిన తలుపునైనా ఆరనిచ్చి, వేలితో మెల్లగా ఒక్కసారి తాకి చూడండి, వేలి కొసకు బూడిదరంగు అంటుతుంది.

ఆ పొరను ఎవరూ ముట్టకుండా వారం గడుస్తుందని నీటిధార గారు అనుకుంటున్నారు. నిజ జీవితంలో తలుపు తీసేవారి చేతి సంచి దానికి రాసుకుంటుంది, డిక్కీలో సామాను పెట్టేవారి దుస్తులు రాసుకుంటాయి, ఇంట్లో ఎవరో ఒకరు మంచి మనసుతోనే పొడిగుడ్డ పట్టుకుని తుడుస్తారు. బండికి జరిగే హాని అంతటిలోకీ ఆ పొడిగుడ్డ తుడుపే పెద్దదని నా అభిప్రాయం.

అందువల్ల చేత్తో కడగాలి, అయితే చెయ్యి ఎప్పుడు పెట్టాలన్నదే అసలు ప్రశ్న. నేను పాటించే క్రమం చెబుతాను. ముందుగా మడ్‌గార్డుల లోపల, చక్రాలకు, బండి కింది అంచులకు నీళ్లు కొట్టాలి. వీటిని చివరికి వదిలేస్తే అక్కడి నుంచి ఎగిరే మట్టి అప్పటికే కడిగిన తలుపుల మీద పడుతుంది. చక్రం రిమ్ము లోపలి వైపు పేరుకున్న ముద్దను కూడా ఇప్పుడే తీసేయాలి, లేకపోతే చక్రం తూకం తప్పి వేగంలో స్టీరింగు వణుకుతుంది. తరువాత పైకప్పు నుంచి కిందికి మామూలు నీళ్లు, ఆపైన ఫోమ్. ఫోమ్ తడి ఆరకముందే నీళ్లతో దించి, కింది భాగాలకు రెండోసారి ఫోమ్ వేయాలి. ఈ పనంతా నీడలో, బండి చల్లబడ్డాకే చేయాలి, ఎందుకంటే వేడి రేకు మీద షాంపూ ఎండి మరకలు కడుతుంది.

ఇక చెయ్యి పెట్టే ముందు ఒక పరీక్ష. తలుపు మీద మెల్లగా నీళ్లు పోస్తూ, దాని కింది అంచు నుంచి కారే నీటిని ఒక తెల్లని మగ్గులో పట్టి నిమిషంపాటు కదపకుండా ఉంచాలి. మగ్గు అడుగున రేణువులు పేరుకుంటే చెయ్యి పెట్టే సమయం ఇంకా రాలేదని అర్థం. నీళ్లు కాస్త మసకగా ఉన్నా అడుగున ఏమీ పేరుకోకపోతే మిగిలింది చాలావరకు సన్నని మట్టే. అప్పుడు షాంపూ నీళ్లలో ముంచిన మైక్రోఫైబర్ మిట్‌తో (చేతికి తొడుక్కునే మెత్తని సంచి లాంటిది), బరువు వేయకుండా, పై భాగాల నుంచి మొదలుపెట్టవచ్చు. మిట్‌ను కడిగే నీళ్లకు వేరే బకెట్ ఉండాలి, కింది భాగాలకు వేరే మిట్ ఉండాలి. నేల మీద పడిన మిట్ ఆ రోజుకు మళ్లీ పెయింటును తాకకూడదు.

నీటిధార

మగ్గు పరీక్ష మంచి ఆలోచన, ఒప్పుకుంటున్నాను. కానీ దాంతో నా సందేహం పూర్తిగా తీరలేదు. తలుపు హ్యాండిల్ వెనుక, నంబరు ప్లేటు అంచుల్లో, అద్దాల రబ్బరు కింద, బంపర్ అతుకుల్లో దాగిన ఇసుక అలా పోసిన నీటితో బయటికి రాదు, మిట్ అటుగా వెళ్లినప్పుడు దానికి అంటుకుని తరువాతి జానెడు మేరా గీస్తుంది. ఆ మూలలను మెత్తని కుచ్చు బ్రష్‌తో, ఫోమ్ ఉండగానే, విడిగా శుభ్రం చేసి కడగనిదే మిట్ తియ్యకూడదని మీ క్రమంలో చేర్చండి. అంత ఓపిక లేనివారికి మాత్రం నా పద్ధతే క్షేమమని ఇప్పటికీ అంటాను, ఎందుకంటే తొందరలో ఉన్నవారు మీ క్రమంలోంచి మిట్ ఒక్కదాన్నే గుర్తుపెట్టుకుంటారు.

రంగులపని

పెయింటు పని చేసేవాడిగా రెండు మాటలు చెబుతాను. మీ ఇద్దరూ నీటి ధారను ప్రమాదం లేనిదిగానే మాట్లాడుతున్నారు, అది సరికాదు. కార్లకు వాడే వెడల్పు ధార నాజిల్, అంటే 40 డిగ్రీలది, కనీసం 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే మంచి స్థితిలో ఉన్న పెయింటుకు ఇబ్బంది లేదు. సన్నని సూది ధార, గిరగిర తిరిగే నాజిల్ మాత్రం పెయింటు మీదికీ టైరు పక్కలకూ రాకూడదు. రాయి తగిలి పెచ్చు లేచినచోట అంచుకు ఏటవాలుగా ధార తగిలితే నీరు పెయింటు అడుగుకు దూరి పొరను లేపేస్తుంది. మళ్లీ పెయింటు వేసిన భాగాల్లో పట్టు ఎలా ఉందో బయటికి చూసి చెప్పలేం, కాబట్టి మట్టిదారి గారి ఆ తలుపుకు ప్రెషర్ వాషర్ వద్దు, మామూలు పైపు నీళ్లు ఎక్కువసేపు పారించడమే మంచిది. ముందు జాలీ వెనుక ఉండే రేడియేటర్ రెక్కలకూ ఇదే వర్తిస్తుంది, దగ్గర నుంచి కొడితే అవి వంగిపోతాయి.

రెండోది, మిట్‌ను గుండ్రంగా తిప్పితే గుండ్రని గీతలు పడతాయని చాలామంది అంటారు. ఎండలో సూర్యుని ప్రతిబింబం చుట్టూ సాలెగూడులా కనిపించే ఆ వలయాలు నిజంగా వలయాలు కావు. అన్ని దిక్కులకూ పడిన సన్నని గీతల్లో కాంతికి అడ్డంగా ఉన్నవి మాత్రమే మెరుస్తాయి, అందుకే వెలుగు చుట్టూ గుండ్రంగా పేర్చినట్టు కనిపిస్తాయి. దీపాన్ని పక్కకు జరిపితే వలయాలూ దాంతోపాటే జరుగుతాయి. అయినా తిన్నగా కదపమనే నేనూ చెబుతాను, ఒకే దిక్కున పడిన గీతలు ఒక కోణం నుంచి తప్ప అంతగా కనిపించవు. పాలిష్‌తో గీతలు పోతాయి కదా అని ధీమా పడవద్దు. పాలిష్ చేయడమంటే ఉన్న క్లియర్ కోటులోంచే కొంత అరగదీయడం. గోరు అడ్డంగా ఆడిస్తే దానికి తగిలేంత లోతైన గీతకు ఆ దారి దాదాపు లేనట్టే.

మట్టిదారి

అందరికీ కృతజ్ఞతలు. తడి బురద గురించి స్పష్టత వచ్చింది. బానెట్ మీద ఎండిన పెళ్లల సంగతి మిగిలింది. వాటిని ముందు చేత్తో ఊడదీసి తరువాత నీళ్లు కొడితే పని తగ్గుతుందా? లేక అసలు ఎండకముందే కడిగి ఉండాల్సిందా?

తెల్లబకెట్

చేత్తో ఊడదీయవద్దు. పెళ్ల పైకి గట్టిగా ఒక్క ముక్కలా కనిపించినా అడుగున ఇసుక పెయింటును ఆనుకునే ఉంటుంది, లాగినప్పుడు అది జరుగుతూనే వస్తుంది. ఎండిందని కంగారు కూడా వద్దు. పూర్తిగా ఎండిన బంకమట్టి గడ్డను నీళ్లలో వేస్తే, లోపలి రంధ్రాల్లోని గాలిని నీరు బయటికి తోయడంతో అది బుడగలు వదులుతూ దానంతట అదే విడిపోతుంది. బానెట్ మీద ఆ పని జరగాలంటే నీరు నిలిచి ఉండాలి. పాత మెత్తని తువ్వాళ్లను నీళ్లలో ముంచి, పిండకుండా, పెళ్లల మీద పరిచి, మధ్యమధ్య నీళ్లు పోస్తూ ఉంచండి. వాటిని ఈడ్చకుండా నిలువుగా పైకి ఎత్తి తీయాలి, ఆ తువ్వాళ్లను ఇక పెయింటుకు వాడకూడదు. చెట్టు కిందో షెడ్డులోనో అరగంట అలా ఉంచితే వెడల్పు ధారకే చాలా భాగం జారిపోతుంది.

తడిగా ఉన్నప్పుడే కడగగలిగితే మంచిదే. సగం ఆరి జిగటగా ఉన్న దశే అన్నిటికన్నా మొండిది, మీ తలుపుల కింది సగం ఇప్పుడు ఆ దశకు వస్తూ ఉంటుంది. కాబట్టి తువ్వాళ్లు బానెట్ మీద నానుతుండగా ముందు మడ్‌గార్డులు, ఆ వెంటనే తలుపులు తడపండి.

నీటిధార

ఈ క్రమానికి నేనూ సరే అంటాను. మళ్లీ పెయింటు వేయించిన ఆ తలుపుకు మాత్రం పైపు నీళ్లతో ఇసుక పూర్తిగా పోయిందో లేదో మగ్గులో రెండుసార్లు చూసుకోండి. రెండోసారి కూడా అడుగున రేణువులు పేరుకుంటే ఆ ఒక్క తలుపునూ ఫోమ్‌తోనే సరిపెట్టి, మిట్‌ను మిగతా బండికే వాడండి.