మేకలు ఇంటికి వచ్చాయి, మామ రాలేదు: ఉదయగిరి అడవి గురించి తెలిసినవారు చెప్పగలరు

ఉదయగిరి మేనల్లుడు:
మా మేనమామ ఐదేళ్ల కిందట కార్తీకమాసంలో దుర్గానికి అవతలి కొండల్లోకి మేకలను తోలుకొని వెళ్లి ఇప్పటివరకు తిరిగి రాలేదు. దీపాలు పెట్టే వేళకు మేకలు మాత్రం, మెడలో గంట ఉన్న పోతు ముందు నడుస్తుండగా, ఎప్పుడూ వచ్చే దారినే దొడ్డికి చేరాయి. లెక్క చూస్తే ఒక మేక తక్కువగా ఉంది.

మరునాడు ఊరివాళ్లమూ, అటవీ సిబ్బందీ, ఇద్దరు యానాది అన్నదమ్ములూ కలిసి వెతికాము. ఆ అన్నదమ్ములలో పెద్దవాడు, ఒక పక్క అరిగిపోయిన టైరు చెప్పు గుర్తును పట్టుకొని, మా కళ్లకు ఏమీ కనబడని చోట కూడా తడుముకోకుండా నడిచి, మమ్మల్ని ఒక బండపరుపు దాకా తీసుకువెళ్లాడు. బండ మీద జాడ తెగిపోయింది. దాని అంచున బలుసు పొదకు మామ నీళ్ల సీసా వేలాడుతూ ఉంది. చుట్టూ గోనెపట్టా కుట్టిన ఆ సీసాలో సగానికి పైగా నీళ్లున్నాయి. మూడో రోజు తుపాను వాన పట్టుకొని నాలుగు రోజులు వదలలేదు. ఆ తరువాత వెతకడానికి జాడ అంటూ ఏమీ మిగలలేదు.

చిరుత ఎత్తుకుపోయిందని కొందరు, ఎర్రచందనం దొంగల కంట పడ్డాడని కొందరు, సన్యాసుల్లో కలిశాడని మరికొందరు అంటున్నారు. చుట్ట లేకుండా పూట గడవని మనిషి, ఇంట్లో చుట్టల కట్ట అలాగే ఉంచి సన్యాసానికి వెళ్లాడంటే నేను నమ్మలేను.

కనిగిరి పశువైద్య సహాయకుడు:
చిరుత మంద మీద పడి ఉంటే మేకలు అలా వరుసగా ఇల్లు చేరవు. నేను చూసిన ప్రతిసారీ అవి చెల్లాచెదురై, కొన్ని రెండు రోజుల తరువాత కూడా పొదల్లో వణుకుతూ దొరికాయి. ఎలుగుబంటి అయితే ముఖమూ తలా చీల్చి వదిలివేస్తుందే తప్ప, సాధారణంగా మనిషిని ఈడ్చుకుపోయి తినదు. కాబట్టి శరీరం దొరికి ఉండాలి.

ఇంకొక మాట కూడా చెప్పాలి. మా నాన్నగారి కాలంలో అడవిలో ఏదైనా చచ్చిపడితే నేల మీద కాదు, ఆకాశంలో వెతికేవారు. రాబందులు ఎక్కడ తిరుగుతున్నాయో చూసి నేరుగా అక్కడికి వెళ్లేవారు. పశువులకు నొప్పి తగ్గడానికి వేసిన డైక్లోఫెనాక్ మందు, ఆ కళేబరాలను తిన్న రాబందుల మూత్రపిండాలను దెబ్బతీసి, వాటిని దాదాపు తుడిచిపెట్టింది. 2006లో పశువులకు ఆ మందును నిషేధించారు కానీ, మన కొండల మీద ఆ పక్షిని నేను చూసి చాలా ఏళ్లయింది. మీ మామగారిని వెతికినప్పుడు పైనుంచి చూపించేవి లేకపోయాయి.

గిద్దలూరు వాసి:
శరీరం దొరకలేదు కాబట్టి ఎవరో దాచారని అనుకోవడం తొందరపాటు అవుతుంది. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టరు నల్లమలలో కనిపించకుండా పోతే, విమానాలూ ఉపగ్రహ చిత్రాలూ వేలమంది మనుషులూ వెతికినా, మరునాటి ఉదయానికి గానీ దాని జాడ తెలియలేదు. అంత పెద్ద యంత్రానికే ఒక రాత్రి పట్టిన అడవిలో, కంబళి కప్పుకొన్న ఒక మనిషి రాతి సందులోకి జారిపోతే పక్కనే నడిచి వెళ్లినా కనబడడు.

నెల్లూరు న్యాయవాది:
కుటుంబానికి పనికివచ్చే మాట ఒకటి. ఏడేళ్లపాటు, సహజంగా కబురు తెలియవలసినవారికి ఏ కబురూ అందకపోతే, అతడు బతికే ఉన్నాడని వాదించేవారే దాన్ని రుజువు చేయాలి. పాత సాక్ష్య చట్టంలో ఇది 108వ సెక్షను, 2023 నాటి కొత్త చట్టంలో 111వది. పోలీసుల వద్ద ఉన్న మొదటి ఫిర్యాదు నకలు జాగ్రత్తగా ఉంచండి, ఎప్పటి నుంచి కబురు లేదో చూపించడానికి అది పనికివస్తుంది.

విశ్రాంత లైన్‌మన్:
అందరూ అడవి లోపలికే చూస్తున్నారు, నాకు మాత్రం అడవి అంచు మీదే అనుమానం. అడవిపందుల కోసం పొలాల గట్ల వెంట కరెంటు తీగ లాగుతారు. జానెడు వెదురు మేకులు పాతి, వాటికి సన్నటి తీగ చుట్టి, కొసను కొక్కెంతో పై లైనుకు తగిలిస్తారు. అలాంటిచోట గడ్డి మాడి నల్లటి గీతలా కనిపించడం నా ఉద్యోగంలో చాలాసార్లు చూశాను. పంది బదులు మనిషి పడితే, పెట్టినవారు తెల్లవారకముందే తీగను చుట్టి, మనిషిని కూడా అక్కడ ఉండనివ్వరు.

ఉదయగిరి మేనల్లుడు:
మీ మాట తోసివేయలేను కానీ రెండు సందేహాలున్నాయి. మేకలు వచ్చింది పొద్దుగూకే వేళకు, తీగలు పెట్టేది రాత్రికి. పైగా వ్యవసాయానికి 9 గంటల కరెంటు పగటిపూటే ఇస్తున్నారు కదా.

విశ్రాంత లైన్‌మన్:
మోటార్లకు ఇచ్చేది వేరు. ఊరికి వెళ్లే లైనులో రాత్రంతా కరెంటు ఉంటుంది, కొక్కెం వేసేది దానికే. ఇక వేళ సంగతి: మేకలు వచ్చిన వేళ మీకు తెలుసు, ఆయనకు ఏదైనా జరిగిన వేళ మీకు తెలియదు. ఆ రెండూ ఒకటే అని ఐదేళ్లుగా ఎందుకు అనుకుంటున్నారు? దారి తెలిసిన మందను ఇంటికి మళ్లించి, తప్పిపోయిన మేక కోసం ఆయన వెనక్కి వెళ్లి ఉండవచ్చు. తిరిగి వచ్చే దారి అదే కాబట్టి సీసాను పొదకు తగిలించి ఉంటాడు. 11 కేవీ లైను నేలకు తగిలితే సాధారణంగా సబ్‌స్టేషనులో ట్రిప్పు అవుతుంది, అంటే కరెంటు దానంతటదే ఆగిపోతుంది, ఏ గంటకు ట్రిప్పయిందో పుస్తకంలో రాస్తారు. ఆ రాత్రి పేజీ చూడమని అడగండి.

ఉదయగిరి మేనల్లుడు:
ఈ సాయంత్రం అత్తను అడిగాను. పోయిన మేక ఏదని ఇన్నేళ్లలో ఎవరూ తనను అడగలేదట. నిండు చూలుతో ఉన్న నల్లమచ్చల మేక అని, నేడో రేపో ఈనేలా ఉంది, దొడ్డిలోనే కట్టివేయమని ఆ ఉదయం తాను చెప్పినా మామ వినలేదని చెప్పింది.

కనిగిరి పశువైద్య సహాయకుడు:
నొప్పులు మొదలైన మేక మందను వదిలి ఒంటరిగా పొదల్లోకి వెళ్తుంది. పిల్లను వేసిన తల్లిని అడవిలో రాత్రికి వదిలి వచ్చే కాపరిని నేనైతే చూడలేదు.

ఉదయగిరి మేనల్లుడు:
బండపరుపు దిగువన, చెరువు కింది పొలాలకూ అడవికీ మధ్య, ఆ లైను స్తంభాలున్నాయి. మేము ఆ వైపు ఒక్కసారి కూడా వెతకలేదు. సోమవారం పోలీసు స్టేషనులో ఇవ్వబోయే దరఖాస్తులో మేక సంగతీ, ట్రిప్పు పుస్తకం సంగతీ రెండూ రాశాను.