"సత్రములో వారికి స్థలము లేనందున": ఇక్కడ సత్రమా, విడిదా?

మా ఇంట్లో డిసెంబరు 24 రాత్రి ఒక ఆట ఉంది. పిల్లల్లో ఇద్దరు యేసు తల్లిదండ్రులైన మరియ, యోసేపు అవుతారు. మరియ కొంగు చాటున బొమ్మ, యోసేపు చేతిలో తాతయ్య చేతికర్ర. మిగిలినవాళ్లం తలో గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంటాం. వాళ్లు తలుపు తట్టి "చోటుందా?" అని అడగాలి, మేము "లేదు, పొండి" అని కసరాలి. నవ్వు ఆపుకుని కసరడం అంత తేలిక కాదు. చివరికి వంటింటి తలుపు మా అమ్మ తీస్తుంది. అరిసెల పళ్లెం పక్కన, గడ్డి పరిచిన అట్టపెట్టెలో బొమ్మను పడుకోబెట్టి లూకా సువార్త రెండో అధ్యాయం చదువుతాం. ఆ తర్వాతే అరిసెలు.

నిరుడు ఏడో వచనం దగ్గర, "పొత్తిగుడ్డలతో చుట్టి, సత్రములో వారికి స్థలము లేనందున ఆయనను పశువుల తొట్టిలో పరుండబెట్టెను" అన్నచోట, మా తొమ్మిదేళ్ల మేనకోడలు చదవడం ఆపేసింది. "సత్రం అంటే డబ్బు తీసుకోకుండా అన్నం పెట్టే చోటు కదా మామయ్యా, మరి వాళ్లను ఎందుకు వెళ్లగొట్టారు?" నాకు జవాబు తోచలేదు. గ్రీకు తెలిసినవారు చెప్పగలరా, మూలంలో ఉన్న మాట ఏమిటి?

జవాబు 1
మూలంలో ఉన్నది "కటాలుమా". ప్రయాణం ఆపి, మూటలు విప్పుకుని దిగే చోటు. లూకా ఇదే మాటను 22:11లో మళ్లీ వాడాడు, యేసు, శిష్యులు పస్కా పండుగ భోజనానికి గది అడిగే సందర్భంలో. అక్కడ మన తెలుగు బైబిలులో "విడిది గది" అని ఉంది! ఇక దారిలో గాయపడినవాణ్ని ఆదుకున్న మంచి సమరయుడి కథలో (10:34) బాటసారులు డబ్బిచ్చి ఉండే చోటుకు లూకా వాడిన మాట వేరు, "పండోకెయోన్". దాన్ని మనవాళ్లు "పూటకూళ్లవాని యిల్లు" అన్నారు. సమరయుడు రెండు దేనారాలు చెల్లించాడు కాబట్టి ఆ మాట అతికినట్టు కుదిరింది.

అంటే యేసు పుట్టిన బేత్లెహేములో ఉన్నది పూటకూళ్ల ఇల్లు కాకపోవచ్చు. యోసేపు దావీదు వంశస్థుడు, అది వాళ్ల పూర్వీకుల ఊరు. బంధువుల ఇంట్లో విడిది గది అప్పటికే నిండిపోయి ఉంటుందని చాలామంది పండితులు అంటారు. నా ఓటు విడిదికే. మీ పాపకు ఇంకొకటి కూడా చెప్పండి: ఎవరో వెళ్లగొట్టినట్టు ఆ వచనంలో లేదు. కసిరిన సత్రం యజమాని మన నాటకాల్లోనే ఉన్నాడు.

జవాబు 2
సత్రాన్ని అంత తేలిగ్గా తీసేయకండి. "సత్రం భోజనం, మఠం నిద్ర" అన్నప్పుడు ఇల్లూ వాకిలీ లేనివాడి బతుకు కళ్లకు కడుతుంది. ఆ దిక్కులేనితనం విడిదిలో ఎక్కడ? విడిది అనగానే మనకు మగపెళ్లివారు, మేళాలు, మర్యాదలు. "విడిదిలో చోటు లేదు" అని చదివితే వియ్యంకుడు అలిగాడేమో అనిపిస్తుంది.

జవాబు 3
నా తంటా ఆ వచనంలోని తొట్టితో. మా ఊళ్లో తొట్టి అంటే కుడితి తొట్టి. చిన్నప్పుడు బాలయేసును కుడితిలో పడుకోబెట్టారనుకుని ఏడ్చానని ఇప్పటికీ ఇంట్లో నవ్వుతారు. గడ్డి వేసేదాన్ని మేము గాడి అంటాం. అన్నట్టు, ఉయ్యాలను తొట్టెల అనేవారికి ఆ వచనం ఇంకెంత తీయగా వినిపిస్తుందో!

జవాబు 4
భాష సంగతి సరే. ప్రభువు జననాన్ని తలుపుచాటు ఆట చేయడం నాకు అంతగా నచ్చలేదు.

అడిగిన నేను
మీ మాట మా నాన్న కూడా మొదట్లో అన్నదే. కానీ దూత గొర్రెల కాపరులకు చెప్పింది "మహా సంతోషకరమైన సువర్తమానము" కదండీ. సంతోషం అన్నాక ఇంట్లో కాస్త చప్పుడు ఉంటుంది. మెక్సికోలో డిసెంబరు 16 నుంచి 24 వరకు తొమ్మిది రాత్రులు ఇలాగే ఇంటింటికీ వెళ్లి, పాటతో చోటు అడుగుతారు. లోపలివాళ్లు పాటతోనే కాదంటారు, చివరికి తలుపు తీసి విందు పెడతారు. ఆ వేడుక పేరు "పొసాదాస్", అంటే బసలు. అదీ మన చర్చలోని మాటే.

ఇక విడిది, సత్రం రెండూ మేనకోడలికి చెప్పాను. ఎవరూ వెళ్లగొట్టలేదని తెలిశాక నియమం మార్చేసింది. ఈసారి కసరకూడదట, "లోపల నిండిపోయింది, కాస్త ఆగండి, జరుగుతాం" అనాలట. మా అమ్మ ఒప్పుకోవడం లేదు, కసరకపోతే ఆట ఏముంటుందని. తగవు ఇంకా తేలలేదు గానీ, పొత్తిగుడ్డల కోసం తన పాత నేత చీర మాత్రం అప్పుడే చించి, ఉతికి ఆరేసింది. కొత్త గుడ్డ పసిబిడ్డ ఒంటికి గరుకట.